పొలిమేర దాటిన మాట

మా చిన్నప్పుడు ఇంట్లో ఒక పాత రికార్డు ప్లేయరుండేది. వేగం మార్చే మీట పక్కన 16, 33, 45, 78 అని నాలుగు అంకెలు. 78 మీద నాన్నగారి నాటక పద్యాలు తిరిగేవి. 45 మీద సినిమా పాటలు, 33 మీద పెద్ద ఎల్.పి.లు. 16 మీద తిరిగే రికార్డు మాత్రం మా ఇంట్లో ఒక్కటీ లేదు. నాకు తెలిసిన ఏ ఇంట్లోనూ లేదు. పెద్దవాళ్ళు ఊళ్ళో లేని రోజున మేము ఘంటసాలగారి పాట పెట్టి మీటను 16 మీదికి తోసేవాళ్ళం. ఆయన గొంతు బావి అడుగునుంచి వస్తున్నట్టు సాగి సాగి వినబడేది. కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళం. ఆయన ఇల్లు మా టి. నగర్‌లోనే, ఉస్మాన్ రోడ్డులో. ఈ అపచారం ఆయనదాకా వెళ్ళలేదు కనుక బతికిపోయాం.

ఆ 16 అన్న అంకెకు అసలైన రికార్డు ఒకటుందని నాకు చాలా యేళ్ళ తర్వాత తెలిసింది. నిమిషానికి పదహారు చుట్లు, పైన మూడింట రెండు వంతులు. పన్నెండంగుళాల రాగి పళ్ళెం, మీద బంగారు పూత. లోకంలోని పాటలూ, చప్పుళ్ళూ, బొమ్మలూ, పలకరింపులూ ఎక్కువ పట్టాలని దాన్ని ఆ మందవేగంలో చేశారు. అలాంటివి రెండు 1977లో భూమినుంచి వెళ్ళిపోయాయి, ఒకటి వాయేజర్-2కు కట్టి ఆగస్టు 20న, మరొకటి వాయేజర్-1కు కట్టి సెప్టెంబరు 5న. (రెండోది ముందు వెళ్ళింది, ఒకటోది వెనక బయల్దేరి దాటిపోయింది. అన్నదమ్ముల్లో ఇది కొత్తేమీ కాదు.) ఆ పళ్ళెంలో 55 భాషల పలకరింపులున్నాయి. అందులో ఒకటి తెలుగు.

ఈ సంగతి మన పాఠకుల్లో కొందరికి తెలిసే వుంటుంది. తెలిసినవాళ్ళు కూడా సాధారణంగా ఒక గర్వపు వాక్యం చెప్పి వదిలేస్తారు. నాకు ఆ గర్వం కంటే ఆ పలకరింపులోని ఒక మాట మీద ఎక్కువ ధ్యాస. అదేమిటో చెప్పేముందు ఆ ప్రయాణం సంగతి కాస్త చెప్పుకోవాలి, మా పేట సంగతి కూడా.

బృహస్పతి, శని, యురేనస్, నెప్ట్యూన్ అనే నాలుగు పెద్ద గ్రహాలు ఒక పక్కకు చేరి, ఒకదాని ఆకర్షణతో ఇంకొకదాని దగ్గరికి విసిరించుకుంటూ పోవడానికి వీలైన స్థితిలోకి సుమారు 175 యేళ్ళకు ఒకసారి వస్తాయి. 1970ల చివర అటువంటి అదను. దానికి ముందటి అదను 1800 ప్రాంతంలో వచ్చివుండాలి. అప్పటికి నెప్ట్యూన్ ఉన్నదనే మనిషికి తెలియదు, దాన్ని కనుక్కున్నది 1846లో. అయితే ఆ నాటికి మా టి. నగర్ పక్కనే నుంగంబాకంలో ఒక నక్షత్రశాల వెలిసి ఉంది. దాని ఆవరణలో పది టన్నుల నల్లరాతి స్తంభం ఒకటి, దాని మీద చెక్కిన సంవత్సరం 1792. దూరదర్శిని కదలకుండా నిలవడానికి పాతిన స్తంభమది. వెయ్యేళ్ళ తర్వాత వచ్చే జనం కూడా ఈ శాస్త్రం ఇక్కడ ఎప్పుడు నాటబడిందో తెలుసుకోవాలని దాని మీద లాటిన్‌తో పాటు తమిళం, తెలుగు, హిందుస్తానీ భాషల్లో రాయించారు. కుంఫిణీ దొరల ఔదార్యాన్ని పొగుడుకునే రాత అది. ఊరివాళ్ళు ఆ మాట అడగలేదు, అయినా ఊరివాళ్ళ అక్షరాల్లోనే చెక్కారు.

నక్షత్రశాల 1899లో కొడైకెనాల్‌కు తరలిపోయింది. స్తంభం మాత్రం కాలేజీ రోడ్డులోని వాతావరణ కార్యాలయం ఆవరణలో వుండిపోయింది. నేను దాన్ని ఒక్కసారే చూశాను. అక్కడ పనిమీద వెళ్ళిన మిత్రుడి వెంట వెళ్ళి, ఆయన లోపల వున్నంతసేపూ దాని చుట్టూ తిరిగాను. ఈ ఆవరణలోనే చింతామణి రఘునాథాచారి 1867లో ఆర్ రెటిక్యులీ అనే చరతారను పట్టుకున్నారు. మరుసటి యేడు ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడడానికి మన వనపర్తికి వెళ్ళారు. అదే గ్రహణాన్ని గుంటూరులో జాన్సెన్ అనే ఫ్రెంచి ఆయన చూశాడు. ఆ గ్రహణంతోనే హీలియం కథ మొదలైంది. అదంతా వేరే వ్యాసం.

రాతిమీద తెలుగు వెయ్యేళ్ళకోసమైతే, బంగారు పళ్ళెం మీది తెలుగు దాదాపు నూరుకోట్ల యేళ్ళు చెక్కుచెదరకుండా ఉంటుందని లెక్క కట్టారు. నక్షత్రాల మధ్య గాలి లేదు, తేమ లేదు, చెదలు లేదు. మా ఇంటి అటక మీది పుస్తకాల గతి తెలిసినవాణ్ణి కనుక ఆ చివరి విషయం నన్ను ఎక్కువగా ఆకట్టుకుంది.

పళ్ళెం కథ క్లుప్తంగా చెబుతాను. కార్ల్ సాగన్ నాయకత్వంలో కొద్దిమంది కలిసి కొద్ది వారాల్లో దాన్ని సిద్ధం చేశారు. పలకరింపుల పని లిండా సాల్జ్‌మన్ సాగన్ చూశారు. వాటిలో చాలా భాగం అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో రికార్డు చేశారు. మాట్లాడేవాళ్ళకు ఏం చెప్పాలో రాసివ్వలేదు. ఎక్కడైనా ఎవరైనా ఉంటే వాళ్ళను పలకరించండి, క్లుప్తంగా చెప్పండి, అంతే. అందుకని ఎవరి ఇంటి మర్యాద వాళ్ళు చూపించారు. అమోయ్ చైనీసులో మాట్లాడినావిడ భోంచేశారా అని అడిగి, తీరిక దొరికితే ఒకసారి రమ్మని పిలిచింది. మన పెద్దమ్మలు ఎవరైనా ఆ మైకు ముందు కూర్చుంటే ఇంకోలా పలకరించరు. సాగన్ గారి ఆరేళ్ళ కొడుకు ఇంగ్లీషులో పిల్లల తరఫున పలకరించాడు. సుమేరియన్, అకాడియన్, హిట్టైట్ వంటి, వేల యేళ్ళ కిందట మూగబోయిన భాషల్ని కూడా పండితుల చేత పలికించారు.

సంగీతం 27 ముక్కలు. మనదేశం నుంచి ఒక్కటే, కేసర్‌బాయి కేర్కర్ పాడిన భైరవి. దాన్ని సూచించినది రాబర్ట్ బ్రౌన్ అనే సంగీత పండితుడు. ఆయన మృదంగం మీద పరిశోధన చేసిన మనిషి, మన దక్షిణాది సంగీతం బాగా ఎరిగినవాడు. అయినా హిందుస్తానీ పాటే పంపారు. కేసర్‌బాయి గొంతుమీద నాకు ఫిర్యాదు లేదు. వాయేజర్-1 బయల్దేరిన పదకొండో రోజున, 1977 సెప్టెంబరు 16న, ఆమె ఈ లోకం వదిలారు. కాని తిరువయ్యారులో కావేరి ఒడ్డున కూర్చుని తెలుగులో పాడుకున్న త్యాగయ్య కీర్తన ఒక్కటి అందులో చేరివుంటే, తమిళదేశంలోని తెలుగువాడిగా నేను ఇంకొంచెం కాలరెత్తుకుని తిరిగేవాణ్ణి. బొమ్మల్లో తాజ్‌మహల్ ఉంది. మనదేశపు రోడ్డుమీద రద్దీవేళ దృశ్యం కూడా ఉంది. ఆ బొమ్మ చూసినవాళ్ళు ఎవరైనా ఇక్కడికి రావాలనుకుంటే దీపావళి ముందు ఉస్మాన్ రోడ్డుకు మాత్రం రావద్దని చెప్పాలి.

ఇక ఆ తెలుగు పలకరింపు. కొద్ది క్షణాలు పడుతుంది. నమస్తే అని, తెలుగు మాట్లాడే జనం నుంచి శుభాకాంక్షలు అందజేస్తుంది. అంతే. ఆంధ్రప్రదేశ్ అనలేదు. భారతదేశం అని కూడా అనలేదు. తెలుగు మాట్లాడే జనం అన్నారు. ఏ ఆలోచన లేకుండానే అలా అన్నారేమో నాకు తెలియదు. అలా అనివుండటం మాత్రం నాబోటివాడికి చిన్న విషయం కాదు.

ఎందుకంటే మాది టి. నగర్. 1920లలో మాంబళం వైపు పెద్ద చెరువును ఎండగట్టి వేసిన పేట ఇది. దీనికి పేరు పిట్టి త్యాగరాయ చెట్టిగారిది. నడిమధ్యన ఉన్న పార్కు పానగల్ రాజావారిది, అంటే పానగంటి రామరాయణింగారిది. ఇద్దరూ తెలుగువాళ్ళే. ఊరి పేరులోనే మనమున్నాం, ఊరు మాత్రం మనది కాదన్నారు. పొట్టి శ్రీరాములుగారు ఈ నగరంలోనే నిరాహారదీక్ష చేసి 1952 డిసెంబరు 15న ప్రాణం విడిచారు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం వచ్చింది, మదరాసు లేకుండా వచ్చింది. మదరాసు మనదేనన్న నినాదం గోడలమీద వెలిసిపోయింది. వెళ్ళేవాళ్ళు వెళ్ళారు, ఉండేవాళ్ళం ఉన్నాం. ఆ తర్వాత కూడా ముప్ఫై యేళ్ళపాటు సినిమా పుణ్యమాని ఈ పేట తెలుగుతో కిటకిటలాడింది. బజుల్లా రోడ్డులో రామారావుగారి ఇంటి ముందు తిరుపతి యాత్రికుల బస్సులు ఆగేవి. తర్వాత సినిమా హైదరాబాదు చేరింది. 2006లో వచ్చిన చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, రాయరు. ఆంధ్రలో అడిగితే మేము అరవవాళ్ళం, ఇక్కడ అడిగితే గొల్టీలం. హైదరాబాదులో జరిగే తెలుగు సభల్లో మమ్మల్ని ప్రవాసులంటారు. కదలకుండా ఒకేచోట కూర్చుని ప్రవాసులమైన జాతి మాదే అనుకుంటాను. అక్కడ నుంచి ఎవరైనా తెలుగు జాతి అని ఉపన్యసిస్తే ఆ లెక్కలో మేము ఉన్నామో లేదో వెతుక్కోవలసి వస్తుంది. ఆ పళ్ళెంలోని మాట వింటే వెతుక్కోనక్కర్లేదు. చదవగలవా, రాయగలవా, ఏ రాష్ట్రం అని అది అడగదు. మాట్లాడే జనం అంటుంది. మా మనవరాలు కూడా అందులో ఉంది.

ఈ మాట మోసుకుపోతున్న నౌకల్లో ఒకటోదాని మీదే నా జాలి ఎక్కువ. అది 1979 మార్చిలో బృహస్పతినీ, 1980 నవంబరులో శనినీ చూసింది. శని చుట్టూ తిరిగే టైటన్ అనే ఉపగ్రహానికి దట్టమైన వాతావరణముందని తెలిసి, దాన్ని దగ్గరగా చూడాలని దారి మళ్ళించారు. ఆ మలుపుతో అది గ్రహాలన్నీ తిరిగే తలం వదిలేసి పైకి, ఉత్తర దిక్కుకు ఎగిరిపోయింది. దానికి ఇక ఏ గ్రహమూ ఎదురుకాదు. రెండోది మాత్రం 1986 జనవరిలో యురేనస్, 1989 ఆగస్టులో నెప్ట్యూన్ చూసుకుంటూ పోయింది. ఇప్పటికి ఆ రెండు గ్రహాల దగ్గరికీ వెళ్ళిన నౌక అదొక్కటే.

1990 ఫిబ్రవరి 14న, సుమారు 600 కోట్ల కిలోమీటర్ల దూరాన, ఒకటోదాన్ని ఒకసారి వెనక్కి తిరిగి చూడమన్నారు. సాగన్ ఆ కోరిక చాలా యేళ్ళుగా పట్టుబట్టి అడిగినది. అది 60 బొమ్మలు తీసింది. వాటిలో భూమి ఒక చుక్క, బొమ్మలో ఒక గడి కూడా పూర్తిగా నిండని చుక్క. ఆ పని కాగానే కెమెరాలను శాశ్వతంగా ఆర్పేశారు. ఆనాటినుంచి దానికి చూపు లేదు. ఆఖరుసారి చూసింది పుట్టిల్లు.

ఆ తర్వాత అది గుడ్డిగానే పోతూంది. సెకనుకు సుమారు 17 కిలోమీటర్లు, యేడాదికి 53 కోట్ల కిలోమీటర్ల పైచిలుకు. సూర్యుడినుంచి వీచే కణాల గాలి ఒకచోట నక్షత్రాల మధ్యనున్న చల్లటి పదార్థాన్ని తాకి ఆగిపోతుంది. ఊరికి పొలిమేర లాంటిది అది. ఒకటోది ఆ పొలిమేరను 2012 ఆగస్టు 25న దాటింది. దాటిన సంగతి మాత్రం వెంటనే ఎవరికీ తెలియలేదు. చుట్టూ ఎంత పదార్థముందో కొలిచే పరికరం 1980లోనే చెడిపోయింది. 2012 మార్చిలో సూర్యుడి మీద లేచిన పెద్ద తుపాను ఒక యేడాది పైగా ప్రయాణించి దాన్ని చేరి, దాని చుట్టూవున్న కణాలను కంపింపజేసింది. ఆ కంపన స్థాయిని బట్టి పదార్థం ఎంత చిక్కగా వుందో లెక్క తేలింది. సూర్యుడి గాలిలో అంత చిక్కదనం ఉండదు. అంటే ఊరు దాటింది. లోకానికి ఆ ప్రకటన 2013 సెప్టెంబరులో చేశారు. రెండోది 2018 నవంబరు 5న దాటింది. అక్కడ రాయి పాతి లేదు, పేరు లేదు. సూర్యుడి ఆకర్షణ ఇంకా చాలా దూరం ఉంటుంది కనుక ఊరు పూర్తిగా దాటినట్టు కాదనే పండితులూ వున్నారు. మదరాసు సరిహద్దుల గొడవ విన్నవాడికి ఆ వాదం కొత్తగా అనిపించదు.

మా ఎదురింట్లో ఒక తమిళ పెద్దాయన ఉన్నారు. తంతి శాఖలో ముప్ఫై యేళ్ళు పైచిలుకు పనిచేసి రిటైరయ్యారు. సాయంకాలాలు మా అరుగు మీద కూర్చుంటారు. ఆయన తమిళంలో మాట్లాడతారు, నేను తమిళంలో జవాబిస్తాను, మధ్యలో ఆయనకు సరదా పుడితే ఒక తెలుగు ముక్క వేస్తారు. ఈ వాయేజర్ సంగతి మొదట చెప్పినప్పుడు ఆయన్ను పట్టుకున్నది బంగారం కాదు, గ్రహాలు కాదు, దాని ట్రాన్స్‌మిటరు. దాని రేడియో శక్తి సుమారు 23 వాట్లు.

"ఫ్రిజ్జులో బల్బంత సార్," అన్నారాయన. "దాంతో ఎంత దూరం పంపుతుంది?"

2024 నాటికి 2,400 కోట్ల కిలోమీటర్లన్నాను. మాట ఇక్కడికి రావడానికి ఇరవైరెండున్నర గంటలు. సెకనుకు 160 బిట్లు. ఆయన వేళ్ళమీద లెక్క వేసుకుని, సెకనుకు ఇరవై అక్షరాలన్నమాట, మా కాలపు మంచి ఆపరేటరు కంటే ఎక్కువే అన్నారు. ఆయన శాఖ 2013 జులై 14న ఆఖరి తంతి తీసుకుని మూతపడింది. వాయేజర్ పొలిమేర దాటిన కబురు వెల్లడైనది అదే యేడు, రెండు నెలల తర్వాత. ఆ సంగతి చెబితే ఆయన తలూపారు. ఏమీ అనలేదు.

2023 నవంబరులో ఒకటోది ఉన్నట్టుండి అర్థంలేని సంకేతాలు పంపడం మొదలుపెట్టింది. గొంతు వస్తోంది, మాట రావడం లేదు. ఒకే తీరున ఒకట్లూ సున్నాలూ. ఈ కబురు పత్రికలో చూసి నేను ఆయనకు చెప్పాను. ఆయన కుర్చీలో ముందుకు వంగారు. "లైను బతికే ఉంది. మెషీను చెడింది," అన్నారు తేల్చేస్తూ. తుపాను రాత్రులు ఎన్ని చూశారో, ఆ మాట అనడంలో ఆయనకు ఆలోచన పట్టలేదు. నిజంగా అదే అయింది. సమాచారాన్ని పొట్లం కట్టే కంప్యూటరులో కొంత జ్ఞాపకాన్ని మోసే చిన్న చిప్పు ఒకటి పాడయింది. దాని మొత్తం జ్ఞాపకంలో అది మూడు శాతం. అక్కడి కోడు లేకపోతే మిగతాదానికి నోరు పెగలదు. నలభై ఆరేళ్ళ కిందటి యంత్రం. కట్టినవాళ్ళలో చాలామంది లేరు. బతికున్న ఇంజనీర్లు పాత కాగితాలు వెతికి, ఆ కోడును ముక్కలుచేసి, జ్ఞాపకంలో ఖాళీగా మిగిలిన చోట్ల ఒక్కొక్క ముక్కా ఇరికించారు. 2024 ఏప్రిల్ 18న ఆ ఆజ్ఞ పంపారు. అది వెళ్ళడానికి ఇరవైరెండున్నర గంటలు, జవాబు రావడానికి మళ్ళీ అన్ని. 20వ తేదీన అది తిరిగి సరిగా మాట్లాడింది. నేను ఎదురింటికి వెళ్ళి చెప్పాను. ఆయన నవ్వి వాళ్ళావిడను పిలిచి రెండు కాఫీలు పెట్టమన్నారు.

రెండోదానికి ఇంకో కష్టం. 2023 జులైలో పొరపాటున ఒక ఆజ్ఞ వెళ్ళి దాని గొడుగు భూమినుంచి రెండు డిగ్రీలు పక్కకు తిరిగింది. రెండు డిగ్రీలే. అంతటితో మాట తెగిపోయింది. ఆస్ట్రేలియాలో కాన్‌బెరా దగ్గరున్న పెద్ద డిష్షునుంచి పూర్తి శక్తితో ఒక కేక వేశారు. ముప్ఫై ఏడు గంటలు ఎదురుచూశాక, ఆగస్టు 4న, అది ఇటు తిరిగింది. రెండోది దక్షిణ దిక్కుకు పోతూంది కనుక దానితో మాట్లాడగలిగింది ఆ ఒక్క చోటునుంచే.

కాని ఇవన్నీ కొంతకాలం మాట. వాటికి దీపం ప్లుటోనియం వేడి. బయల్దేరిన నాడు 470 వాట్లు ఇచ్చేది, యేటా సుమారు 4 వాట్లు తగ్గుతూ వస్తోంది. అందుకని ఒక్కొక్క పరికరాన్ని, ఒక్కొక్క హీటరును ఆర్పుకుంటూ వస్తున్నారు. పెద్ద కుటుంబం చితికినప్పుడు ఒక్కో గదికి తాళం వేసుకుంటూ వంటింట్లోకి చేరినట్టు. 2025లో కూడా రెండింటిలోనూ ఒక్కొక్క పరికరం ఆపేశారు. ఏదో ఒక యేడు రేడియోకూ చాలదు. అప్పుడు భూమికీ వాటికీ మధ్యన ఉన్న ఆ సన్నటి దారం కూడా తెగిపోతుంది. పళ్ళెం మాత్రం ప్రయాణం ఆపదు. సుమారు 40,000 యేళ్ళకు ఒకటోది గ్లీస్ 445 అనే నక్షత్రానికి 1.6 కాంతి సంవత్సరాల దూరంలో వెళుతుంది. దగ్గరగా వెళ్ళడమంటే అదీ. అంతకంటే దగ్గర చుట్టం దానికి ఆ దారిలో చాలాకాలం లేరు.

ఎవరూ వినని పలకరింపు అది. ఆ సంగతి పంపినవాళ్ళకూ తెలుసు. అయినా ఎలా వాయించాలో పై కప్పు మీద బొమ్మగీసి, ముల్లు కూడా జత చేశారు. ఎంతకాలం గడిచిందో తెలుసుకోవడానికి కొంచెం యురేనియం పూశారు. ఇల్లెక్కడో తెలియడానికి పద్నాలుగు పల్సర్ల ఆధారంతో గుర్తులు చెక్కారు. చిరునామా రాయకుండా ఉత్తరం వెయ్యకూడదన్న పద్ధతి మా ఎదురింటాయనకు బాగా నచ్చింది.

ఆ భాషల జాబితా ఆయనకు చూపించిన రోజు మాత్రం నాకు మరపురాదు. నేను కొంచెం గొప్పకే చూపించానని ఒప్పుకుంటాను. హిందీ, బెంగాలీ, మరాఠీ, గుజరాతీ, పంజాబీ, ఒరియా, ఉర్దూ, రాజస్థానీ, కన్నడం, తెలుగు. ఆయన కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చదివారు.

"తమిళం ఎక్కడ?"

లేదు. మలయాళం కూడా లేదు.

"సుమేరియన్ ఉందన్నారు."

"ఉంది."

"అది మాట్లాడేవాడు లోకంలో ఒక్కడైనా ఉన్నాడా?"

లేడన్నాను. నిజం చెప్పాలంటే ఒక్క క్షణం నాలో ఏదో అల్పసంతోషం కదిలింది. డెబ్భై యేళ్ళుగా ఈ ఊళ్ళో అన్ని జాబితాల్లోనూ మమ్మల్ని మేము వెతుక్కున్నాం. ఒక్క జాబితాలో వాళ్ళు వెతుక్కుంటున్నారు. ఆ సంతోషం ఆయన ముఖం చూశాక నిలవలేదు. ఆ వెతుకులాట ఎలా ఉంటుందో నాకు తెలియనిదా? ఇది ఎవరి కుట్రా కాదని చెప్పాను. వ్యవధి తక్కువ, చేతికందిన మనుషులు తక్కువ, చాలా భాషలు మనిషి దొరకడాన్ని బట్టి చేరినవి. తెలుగు గొప్పతనం చూసి చేర్చుకున్నారనుకోవడం కూడా తప్పే. ఆ వేసవిలో ఒక తెలుగాయన అందుబాటులో ఉన్నారు, అడిగితే కాదనకుండా వెళ్ళి నాలుగు మాటలు చెప్పారు. ఆయన ఆ రోజు వేరే పని మీద ఊరు వెళ్ళివుంటే మనమూ లేము.

పెద్దాయన జాబితా మడిచి నాకిచ్చారు. "పోనీండి," అన్నారు తెలుగులో. "మీవాడు పక్కింటివాళ్ళ తరఫున కూడా చెప్పే ఉంటాడు."

మొన్న వేసవిలో మా మనవరాలికి ఆ పలకరింపు వినిపించాను. ఇప్పుడు అది వినడానికి 16 వేగం ప్లేయరు అక్కర్లేదు. కంప్యూటరులో ఎవరైనా వినవచ్చు. ఆ పిల్లకు పదకొండేళ్ళు. నాలుగైదుసార్లు వింది.

"ఈ తాత పుస్తకంలాగా మాట్లాడుతున్నారు తాతయ్యా," అంది. "శుభాకాంక్షలంటే వాళ్తుక్కళా?"

అవునన్నాను. మనం ఇంట్లో ఆ మాట వాడం, నిజమే. పుట్టినరోజుకు హ్యాపీ బర్త్‌డే, పొంగలుకు పొంగల్ వాళ్తుక్కళ్. ఆ మాట రాసుకుంటానని నోటుబుక్కు తెచ్చుకుంది. తెలుగు అక్షరాలు అ, ఆ దగ్గరే ఆగిపోయాయి కనుక తమిళ అక్షరాల్లో రాయడం మొదలుపెట్టింది. మా చిన్నప్పుడు ఇక్కడి పాటకత్తెలు త్యాగరాజ కీర్తనలు అలాగే రాసుకునేవారు. నమస్తే వచ్చింది. తెలుగు వచ్చింది, కాని 'గ'కు విడిగా అక్షరం లేక 'క' రాసింది. శుభాకాంక్షలు దగ్గర చిక్కు వచ్చింది. ఎదురింటాయన అప్పుడే వచ్చి అరుగు మీద కూర్చున్నారు. పిల్ల నోటుబుక్కు ఆయన ఒళ్ళో పెట్టింది. ఆయన పెన్ను తీసుకుని, 'భ'కు కూడా మా దగ్గర 'ప'యే ఉందమ్మా అని చెప్పి, దాని నెత్తిన చిన్నగా 4 అంకె వేశారు. పాటల పుస్తకాల్లో అలా వేస్తారట. తర్వాత 'క్ష' దగ్గర, ఇది మేము గ్రంథలిపినుంచి తెచ్చుకున్నాం, ఉంది, అని ఒక్కొక్క గీతా నెమ్మదిగా దిద్ది చూపించారు.